పళ్ళెంలో రాసిన పేరు

కమ్మింగ్, జార్జియా

చిరంజీవి రాంబాబుకి అక్క దీవించి రాస్తున్నది. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? పద్మ, పిల్లలు బాగున్నారా? ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. నా బీపీ మాత్రలు సరిపడా ఉన్నాయి, వేళకి వేసుకుంటున్నాను, దిగులు పడకు. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్ మోగగానే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కనే అమ్మ ఉంటుంది. ఇది అమ్మ వినకూడని సంగతి.

ఇక్కడ చలి మొదలైంది. చెట్లన్నీ ఎర్రబడి చూడటానికి బాగుంటాయి కానీ రెండు స్వెట్టర్లు లేనిదే గుమ్మం దాటలేను. మా శిరీష, అల్లుడు ఆఫీసుకీ, పెద్దది, మనవరాలు, స్కూలుకీ వెళ్ళిపోతే ఇంట్లో నేనూ, పసివాడూ మిగులుతాం. వాడికి నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తాను. ఒకరోజు సాంబ్రాణి వేస్తే ఇల్లంతా దద్దరిల్లేలా అలారం మోగింది. అప్పటి నుంచి సాంబ్రాణి బంద్. వాడికి మాత్రం బుగ్గలొచ్చాయి, నన్ను చూస్తే నవ్వుతాడు. ఆ మాట అమ్మకి చెప్పు.

బారసాల ఫోటోలు మీరంతా చూశారు. ఆడపిల్ల పుట్టినప్పుడు వాళ్ళ నాయనమ్మ పేరు పెట్టుకున్నారు, నేను నోరెత్తలేదు. ఈసారి మగపిల్లాడు పుడితే తాతయ్య పేరే అని శిరీషే అంది. నేను అడగలేదు, దాని నోటితో అదే అంది. మన నాన్న భుజాల మీదెక్కి కోటప్పకొండ తిరునాళ్ళు చూసిన పిల్ల కదా, నిజమే అనుకున్నాను. బారసాల రోజు బియ్యం పళ్ళెం అల్లుడి ముందు పెట్టాల్సింది పోయి నా ముందు పెట్టి, "మీ నాన్న పేరు కదమ్మా, నువ్వే రాయి" అని ఉంగరం తీసి ఇచ్చింది. కోటయ్య అని రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బియ్యంతోనే పరమాన్నం వండి వచ్చినవాళ్ళందరికీ పెట్టాను.

పక్కింట్లో టేలర్ అని ఒక పెద్దావిడ ఉంటుంది. మధ్యాహ్నం ఎండగా ఉన్నప్పుడు పిల్లాడిని బండిలో వేసుకుని తిప్పుతుంటే కలుస్తుంది. పోయిన వారం వంగి వాడి బుగ్గ తాకి, "మేసన్ ఎలా ఉన్నాడు?" అంది. వేరెవరి పిల్లాడో అనుకుంటోందని, వీడి పేరు కోటయ్య అన్నాను. ఆవిడ నా ముఖం చూసింది. వాడు పుట్టిన వారానికే మీ అమ్మాయి ఫోటో కార్డు పంపింది, దాని మీద మేసన్ అనే ఉంది అని మెల్లగా చెప్పింది. పాపం నన్ను సముదాయించబోయింది. మంచి పేరేనట. వాళ్ళ పూర్వీకులు బట్టలు కుట్టేవాళ్ళు కాబట్టి టేలర్ అయ్యారట, అలాగే రాతి కట్టుబడి చేసినవాళ్ళు మేసన్లయ్యారట. ఒకప్పుడు ఇంటిపేర్లుగా ఉన్నవే ఇప్పుడు పిల్లలకి పెట్టుకుంటున్నారట. ఉద్యోగమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నాకు మేసన్ అంటే తెలియదా? తాపీమేస్త్రీ. ఆ పని చేసిన ఇంటివాళ్ళు ఆ పేరు పెట్టుకుంటే వాళ్ళ తాతల్ని తలుచుకున్నట్టు. మన ఇంట్లో గోడ కట్టినవాడెవడు? కొండకి మొక్కుకుంటే పుట్టినవాడు మన నాన్న.

ఆ సాయంత్రం శిరీషని అడిగాను. బుకాయించలేదు.

"స్కూల్లో రోల్ కాల్ అప్పుడు వాడు ఎంబరాస్ అవుతాడమ్మా. ఇక్కడ పుట్టినవాడికి ఇక్కడి పేరే పెట్టాలని మేము ముందే డిసైడ్ అయ్యాం. నీకు చెప్తే హర్ట్ అవుతావని చెప్పలేదు."

"మరి ఆ పళ్ళెం నా ముందెందుకు పెట్టావే?"

"నీ సంతోషం కోసం."

అల్లుడు ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు. నేను లేచి వెళ్ళి అంట్లు తోముకున్నాను.

పేరు మార్చినందుకు కాదురా నా బాధ. నచ్చలేదు అంటే నాలుగు రోజులు అలిగి ఊరుకునేదాన్ని. కానీ నేను ఉంగరంతో రాస్తున్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళందరికీ అసలు పేరు తెలుసు. నా ఒక్కదానికే తెలియదు. చప్పట్లు కొట్టారు చూడు, అది మింగుడు పడటం లేదు. కన్నకూతురు నా చేత నాటకం ఆడించింది. రోజూ దానికి ఇష్టమైన కూర వండి పెడుతూనే ఉన్నాను, ముఖం చూసి మాత్రం మాట్లాడలేకపోతున్నాను.

ఇక అమ్మ సంగతి. నాన్న పేరు చెప్పాల్సి వస్తే రేషన్ షాపులో కూడా "కొండ మీద స్వామి పేరే నాయనా" అనేదే తప్ప ఏనాడూ నోటితో పలకలేదు. ఆ పళ్ళెం ఫోటో మంచం పక్కన పెట్టించుకుందని, చదవడం రాకపోయినా అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంటోందని నువ్వే చెప్పావు. ఆ ఫోటో అక్కడే ఉండనీ. శిరీష ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టకు. పెద్దదానికి తెలుగు అంతంతమాత్రం, తమ్ముణ్ణి అసలు పేరుతోనే పిలుస్తుంది, దాన్ని అమ్మతో మాట్లాడించకు.

వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కాస్త వాము, పద్మ చేతి కారప్పొడి పంపించు. పద్మకి, పిల్లలకి నా ఆశీస్సులు. వీధిలో పెద్దవాళ్ళకి నమస్కారాలు. అమ్మ పాదాలకి నా బదులు నువ్వు దండం పెట్టి, మనవడికి దీవెనలు అడుగు. వాడేం చేశాడు పాపం.

నిన్న నువ్వు ఫోన్ అమ్మకిచ్చావు కదా. ఎప్పటిలాగే పిల్లాడి పేరు పలకకుండా, "మీ నాన్న ఏం చేస్తున్నాడే?" అని అడిగింది. శిరీష నా ఎదురుగానే పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. దాని ముఖం చూస్తూనే చెప్పాను, "నాన్న నిద్రపోతున్నాడమ్మా" అని.

నీ అక్క,
సరోజిని