అత్తను వెనక కూర్చోబెట్టుకుని గద్దలబండకు

డిసెంబరు 1, సోమవారం

రేపు మాట మార్చకుండా ఉండడానికి రాసి పెడుతున్నాను.

నిర్ణయం: ఈ నెల ఆఖరి ఆదివారం మా అత్త ఓబులమ్మను వెనక కూర్చోబెట్టుకుని, క్వాడ్ బైకు నేనే నడుపుతూ గద్దలబండ ఎక్కుతాను.

నేను, అంటే రేణుక. ఆత్మకూరులో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే రేణుక. ఈ రోజు వరకూ సైకిలు కూడా తొక్కని రేణుక.

అంతా ఫోనులో వచ్చిన ఒక వీడియోతో మొదలైంది. మర్రిపాడు దాటాక కొండల్లోకి కొత్తగా టూరు పెట్టారట. పొద్దున బయల్దేరి సాయంత్రానికి దిగి రావడం. లావు టైర్ల నాలుగు చక్రాల బైకులు, ముందు గైడు అమ్మాయి, వెనక వరసగా మనం. ఎక్కేది గద్దలబండ. ఆ చుట్టుపక్కల అంత ఎత్తు కొండ ఇంకోటి లేదు. మా అత్త పుట్టిన ఊరు దాని కిందే. పెళ్ళికి ముందు రోజూ మేకలు తోలుకుని పైకి వెళ్ళేదట. ఇప్పుడు ఆమె మోకాళ్ళు ఇంటి మెట్లు దిగడానికే ఒప్పుకోవు.

వీడియో చూపించగానే ఫోను నా చేతిలోంచి లాక్కుంది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. మళ్ళీ చూసి, "ఆ బండ మీద నాకు పనుండాది" అంది. ఏం పనో చెప్పలేదు.

మా ఆయన నరసింహ లారీ డ్రైవరు. అమ్మను గైడు ఎక్కించుకుని పోతుందిలే, నువ్వెందుకు అన్నాడు. నేనే నడిపి తీసుకెళ్తానన్నాను. అన్నం తింటూ పొలమారేదాకా నవ్వాడు. "నడిపేదానికి నీకు కుట్టుమిషను ఉండాది గదా" అన్నాడు.

అయిపోయింది. ఇక వెనక్కి తగ్గను.

డిసెంబరు 2

టైంటేబుల్ వేశాను. తెల్లవారగానే లేవడం. వేడినీళ్ళు, నిమ్మకాయ. ఆ తర్వాత మా ఆయన ఎక్సెల్ బండి మీద ప్రాక్టీసు. చక్రాలు రెండయినా నాలుగయినా ధైర్యం ఒకటే కదా.

కూలింగ్ గ్లాసులు కొన్నాను. అద్దంలో చూసుకున్నాను. బాగున్నాను. చాలా బాగున్నాను.

బైకు మీద చీర కుదరదని అత్తకు చెప్పి ప్యాంటు కొలతలు తీశాను. డెబ్భై దాటిన మనిషి జన్మలో మొదటిసారి ప్యాంటు కొలతలు ఇస్తూ, టేపు పొట్ట చుట్టూ తిరిగినంతసేపూ గిలిగింతలని నవ్వుతూనే ఉంది. పైన చీర కట్టుకుంటానంది. సరే అన్నాను.

డిసెంబరు 4

నడిపాను!

ఇంటి వెనక కోసేసిన చేలో ఎక్సెల్ స్టార్ట్ చేసి, ఎక్కి, నేరుగా ముందుకు వెళ్ళాను. గాలి మొహానికి కొట్టింది. కొంగు ఎగిరింది. ఇన్నాళ్ళూ ఈ ఆనందమంతా మగవాళ్ళే దాచుకున్నారా అనిపించింది.

ఆపడం ఒక్కటే రాలేదు. మిషను ఆపాలంటే కుడిచెయ్యి చక్రం మీద వేస్తాను. ఆ అలవాటుకొద్దీ చెయ్యి హ్యాండిల్ వదిలేసి గాల్లో చక్రం కోసం వెతికింది. వరిగడ్డి వామి అడ్డం వచ్చి బండిని అదే ఆపింది. తలలో గడ్డి తప్ప ఇంకే నష్టం లేదు.

ఆపడం తప్ప అన్నీ వచ్చేసినట్టే.

డిసెంబరు 6

అత్త అరుగు మీద కూర్చుని వీధి మొత్తానికి చెప్పేసింది. పాలు పోయడానికి వచ్చినామెకూ, గ్యాసు సిలిండరు తెచ్చినవాడికీ. వరికుంటపాడులో ఉండే తన చెల్లెలికి ఫోను చేసి, "మా కోడలు నన్ను నాలుక్కాళ్ళ బండి మీద కొండ ఎక్కిస్తా ఉండాది" అంది. ఆ గొంతులో ఎంత గర్వమో.

నాకూ గర్వంగానే ఉంది. లోపలికి పోయి, ఆఖరి ఆదివారానికి ఇంకా ఎన్ని రోజులుందో క్యాలెండరులో రెండుసార్లు లెక్కపెట్టాను. 

డిసెంబరు 9

మంచు. ఎదురిల్లు కనబడలేదు. ఇలాంటప్పుడు బండి తీయడం ప్రమాదం. భద్రత ముఖ్యం.

డిసెంబరు 12

పెళ్ళి జాకెట్లు వచ్చి పడ్డాయి. అన్నిటికీ మగ్గం పని. ప్రాక్టీసు లేదు. అయితే కూలింగ్ గ్లాసులు పెట్టుకుని కుట్టాను, అలవాటు కావాలని. ఒక జాకెట్టుకు నీలం దారం బదులు నల్లదారం వేశాను. విప్పి మళ్ళీ కుట్టాను.

డిసెంబరు 16

ధనుర్మాసం వచ్చింది. తెల్లవారుజామునే లేచి ముగ్గు పెట్టాలి. ముగ్గు పెట్టేసరికి నడుము పట్టేస్తుంది. నడుము పట్టేసిన మనిషి బండి నడపకూడదు. ఇది నేను కల్పించింది కాదు, ఎవరిని అడిగినా చెబుతారు.

ఫోనులో క్వాడ్ బైకుల వీడియోలు చూశాను. చూడడం కూడా ప్రాక్టీసే. ఎవరో తెల్లవాళ్ళు మంచుకొండల మీద నడుపుతున్నారు. ఏమంత కష్టంగా కనబడలేదు.

డిసెంబరు 20

మా ఆయన ట్రిప్పు నుంచి వచ్చాడు. నేర్పిస్తానని చేలోకి తీసుకెళ్ళాడు. లారీ నడిపేవాడికి ఎక్సెల్ నేర్పే ఓపిక ఉండదని తెలిసింది. బ్రేకు అన్నాడు. ఏ బ్రేకు అన్నాను. ఉండేదే అన్నాడు. అది ఎక్కడ ఉందని అడిగేలోపు గడ్డివామి వచ్చేసింది. అదే వామి.

ఆయన బండిని వామిలోంచి లాగి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అదే ఎక్కువ బాధపెట్టింది.

ఇంటికి రాగానే, నడపడం వచ్చేసిందా అని అత్త అడిగింది. వచ్చేసింది అత్తా అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆ మొహం చూసి ఇంకో మాట నోట్లోంచి రాలేదు.

డిసెంబరు 27

పులిహోర కలిపాను. అత్త ప్యాంటు తొడుక్కుని, పైన చీర కట్టుకుని, ఇల్లంతా నడిచి చూసుకుంది. ఈ సుఖం ముందే తెలిస్తే మేకలు కాసేటప్పుడు వేసుకునేదాన్నంది.

వాన పడితే బాగుండు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

డిసెంబరు 28, ఆదివారం. రాత్రి బువ్వకు ముందు

 అంతా రాయాలి.

గైడు పేరు చైత్ర. మర్రిపాడు అమ్మాయి, పాతికేళ్ళుంటాయి. అందరికీ హెల్మెట్లు ఇచ్చి, కుడి బొటనవేలితో నొక్కితే ముందుకు పోతుంది, వేళ్ళతో పట్టుకుంటే ఆగుతుందని నేర్పింది. ఒక్కొక్కరినీ చదునునేల మీద ఒక చుట్టు తిప్పించింది. నేను తిరిగాను. ఆపాను కూడా! చుట్టుపక్కల గడ్డివామి లేకపోవడం వల్ల నేనే ఆపుకోవాల్సి వచ్చింది. అత్త సిగముడి హెల్మెట్‌లో పట్టక, ముడి విప్పి జడ వేశాం. బడికి పోయే పిల్లలా ఉంది.

మాతో ఉదయగిరి నుంచి మాల్యాద్రి అనే ఆయన వచ్చాడు. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. బైకు కదిలినప్పుడల్లా తనకు తెలియకుండానే "రైట్ రైట్" అంటాడు. ఆయన అలా అనగానే అందరం బయల్దేరాం.

మొదట మట్టిబాట. ఎర్రదుమ్ము. రెండువైపులా కంపచెట్లు. బైకు గుర్రంలా ఎగిరెగిరి పడుతోంది. వెనక అత్త నా నడుము పట్టుకుని, కనబడిన ప్రతి గుట్ట పేరూ చెబుతోంది. నేను నడుపుతున్నాను. నిజంగా నేనే. నవ్వు ఆగడం లేదు. హెల్మెట్‌లో నా నవ్వు నాకే వినిపిస్తోంది.

అప్పుడు ఎక్కుడు మొదలైంది.

బాట పైకి లేచింది. ఒకవైపు బండ, ఇంకోవైపు ఏమీ లేదు. ఆ ఏమీ లేనివైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. కింద చెట్ల తలలు కనిపించాయి. బొటనవేలు నొక్కమంటే నొక్కలేదు. చేతులు బిగుసుకుపోయాయి. నేను ఆగితే వెనకవాళ్ళంతా ఆగారు. చైత్ర ముందు నుంచి నడిచి వచ్చింది.

ఏమైందక్కా అని అడిగింది. ఏడుపు వచ్చేసింది. నాకు నడపడం రాదని, నెలంతా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నానని, అత్తకు అబద్ధం చెప్పానని అక్కడే, అందరి ముందే చెప్పేశాను.

వెనక నుంచి అత్త చాలా మామూలుగా అంది. "నాకు తెలుసు."

తిరిగి చూశాను.

"ఎక్సెల్ మీద దుమ్ము తుడిచేది నేనే గదమ్మే. తీసిన బండి మీద అంత దుమ్ము ఎట్టా ఉంటాది?"

"మరి తెలిసి ఎందుకెక్కినావు అత్తా?"

"నువ్వు ఎక్కమన్నావు. ఎక్కినా."

చైత్ర నన్ను నీడలో కూర్చోమంది. అవ్వను తను ఎక్కించుకుని పైకి తీసుకెళ్ళి తెస్తానంది. మంచి మాటే. నేను తల ఊపాను. అత్త మాత్రం బైకు దిగి, బాట మధ్యలో నిలబడిపోయింది.

"ఇది రాకపోతే నేనూ రాను. పైన నాకుండే పని దీంతోనే."

మాల్యాద్రి తన వెనక సీటు చేత్తో దులిపి నన్ను ఎక్కమన్నాడు. ఎక్కాను. చైత్ర మా బైకును బండ వారకు తీసిపెట్టి, అత్తను తన వెనక ఎక్కించుకుంది. మాల్యాద్రి "రైట్ రైట్" అన్నాడు. కళ్ళు మూసుకున్నాను. పైకి చేరేదాకా తెరవలేదు. మధ్యలో ఆయన ఏవేవో ఊళ్ళ పేర్లు స్టాపుల్లా చెబుతూ వచ్చాడు. నా భయం పోగొట్టడానికని తర్వాత తెలిసింది.

కళ్ళు తెరిస్తే ఆకాశం. గద్దలబండ పైన చదునుగా, మా వీధంత వెడల్పుగా ఉంది. గాలి మనిషిని నెట్టేస్తోంది. అత్త చైత్ర భుజం పట్టుకుని దిగి, కుంటుకుంటూ నేరుగా ఒక వాలుబండ దగ్గరికి పోయి నన్ను పిలిచింది. ఇద్దరం కూర్చున్నాం. దూరంగా సోమశిల డ్యాము నీళ్ళు మెరుస్తున్నాయి. తను మేకలు కాసేటప్పుడు ఆ నీళ్ళు లేవంది. ఆ పక్కన పొగలాగా కనబడేది మన ఆత్మకూరంది.

ఆమె మేకలు కాస్తూ ఇక్కడ కూర్చుని ఉండగా వాళ్ళ నాయన కొండెక్కి వచ్చి, ఆత్మకూరులో సంబంధం ఖాయమైందని చెప్పాడట. ఆమె కిందికి దిగనందట. పొద్దు వాలేదాకా బతిమలాడాడట.

"తర్వాత?"

"మేకలు దిగిపోయినయ్. నేనొక్కదాన్నే ఏం జేసేది? దిగినాను." గాలికి ఎగిరే కొంగు దోపుకుంది. "ఇది ఎవురికీ చెప్పలా. నా కొడుక్కు చెప్తే నవ్వుతాడు. నీకు ఈడ కూచోబెట్టి చెప్పాలనుకున్నా."

 ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి విడిపించుకుని లేచింది. మా అత్తకు ఇలాంటివి ఎక్కువసేపు పడవు. లేచి, కొండ అంచు వైపు తిరిగి, నాలుక మడిచి ఒక పిలుపు పిలిచింది. ముందు గొంతులో గరగర, తర్వాత పొడుగ్గా ఒక కూత. ఆ ఒంట్లో అంత గొంతు ఎక్కడుందో.

కింద నుంచి ఒక మేక అరిచింది. ఇంకోటి అరిచింది. మేం చూస్తుండగానే బండల సందుల్లోంచి కొమ్ములు పైకి వచ్చాయి. ఒకటి, నాలుగు, ఆపైన లెక్కలేదు. మంద మొత్తం ఎక్కి వచ్చి మమ్మల్ని చుట్టేసింది. బైకు సీటు మీదికి ఒకటి ఎక్కి నిలబడింది. పులిహోర డబ్బా మూత ఎలా తీశాయో తెలియదు, మేం చూసేసరికి కరివేపాకు కూడా మిగల్లేదు. మాల్యాద్రి "దిగాలి, దిగాలి" అంటూ మేకలను తోలుతున్నాడు.

వాటి వెనకే గోపాలయ్య అనే కాపరి రొప్పుతూ వచ్చాడు. ఎవరు పిలిచారని కోపంగా అడిగాడు. అత్త తన తండ్రి పేరు చెప్పింది. ఆయన కోపం దిగిపోయింది. ఆ పిలుపు గోపాలయ్య వాళ్ళమ్మ పిలిచేదట, ఇప్పుడు తను తప్ప ఇంకెవరూ పిలవరట. ఇద్దరూ నిలబడి పాత మేకల గురించి మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత అత్త తనూ నడుపుతానంది. చైత్ర తను వెనక కూర్చుని, అన్నిటికన్నా నెమ్మదైన గేరు వేసి, అత్తను చదునుబండ మీద వదిలింది. హెల్మెట్, జడ, ప్యాంటు మీద చీర, మేకల మధ్యలో మా అత్త! ఒక చుట్టు. ఇంకో చుట్టు. "ఆపేదెట్టమ్మే" అని అడుగుతూ మూడో చుట్టు. చైత్రకు నవ్వుతో చెయ్యి బ్రేకు మీదికి పోవడం లేదు. నేను బండ మీద కూలబడి కడుపు పట్టుకున్నాను.

దిగేటప్పుడు మళ్ళీ మాల్యాద్రి వెనకే. కళ్ళు తెరిచే దిగాను. ఇది మాత్రం రాసి పెట్టాలి.

అయినా నిర్ణయం పోయినట్టే. నడిపి తీసుకెళ్తానన్నాను. తీసుకెళ్ళలేదు.

డిసెంబరు 29, సోమవారం

ఒళ్ళంతా నొప్పులు. ఆలస్యంగా లేచాను. బయట అరుగు మీద అత్త, పక్కింటి దేవకమ్మకు టూరు సంగతి చెబుతోంది. తలుపు వెనక నిలబడి విన్నాను.

కొండ కింద నుంచి పైదాకా నేనే నడిపానట. రెప్ప వేయలేదట. లోయ పక్కన కూడా తొణకలేదట. వెనకవాళ్ళందరికీ నేనే దారి చూపించానట. దేవకమ్మ నోరు తెరుచుకుని వింటోంది.

ఆమె వెళ్ళాక, అంత అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను.

"అబద్ధమెట్టవుద్ది? ముందుగా చెప్పినానంతే. శివరాత్రి పోయినాక మళ్ళా పోదాం. అప్పుటికి నిజం జేసెయ్" అంది.

మా ఆయన లోపల నుంచి అంతా విన్నాడు. ఈసారి నవ్వలేదు. ఎక్సెల్ తాళంచెవి తెచ్చి నా మిషను మీద పెట్టి పోయాడు.

కాబట్టి మళ్ళీ రాస్తున్నాను.

నిర్ణయం: శివరాత్రి తర్వాత వచ్చే ఆదివారం మా అత్త ఓబులమ్మను వెనక కూర్చోబెట్టుకుని, క్వాడ్ బైకు నేనే నడుపుతూ గద్దలబండ ఎక్కుతాను. ప్రాక్టీసు రేపటి నుంచి. రేపు మంగళవారం, కొత్త పని మొదలుపెట్టకూడదు. కాబట్టి ఎల్లుండి నుంచి. ఎల్లుండి ఒక జాకెట్టు ఇవ్వాలి, అందువల్ల

వాక్యం పూర్తి చేసే వీలు లేదు. వాకిట్లో అత్త ఎక్సెల్ వెనక సీటు ఎక్కి కూర్చుంది. ముందు సీటు ఖాళీగా ఉంది. దేవకమ్మ, వాళ్ళాయన, పాలు పోసే ఆమె, అందరూ నిలబడి చూస్తున్నారు.

వెళ్తున్నాను.