గుంత ఉన్న ఇల్లు

వైశాఖ శుద్ధ విదియ, వేలూరు

మళ్ళీ వట్టి చేతులే. కోట వెనక వీధిలో రెండిళ్ళు చూశాను. మొదటిది ఇల్లు కాదు, తిన్నె. తడక కట్టి గది అంటున్నాడు. ఆ బాడుగకు మా గుడియాత్తంలో పెరడూ బావీ ఉన్న ఇల్లొస్తుంది. కోర్టు గుమాస్తాలు అడిగినంత ఇస్తున్నారట, ఇంక మాబోటి నేతవాళ్ళ మొహం ఎవరు చూస్తారు.

రెండోది బాగుంది. మగ్గం కింద కాళ్ళు దిగేంత గుంత తవ్వుకుంటానన్నాను — అంతే. "ఇంట్లో గుంతా? పీనుగును పూడ్చేదానికా? పోప్పా, పో." మగ్గం ఆడకపోతే బాడుగ ఎక్కణ్ణుంచి తేవాలి...

పంచమి, గుడియాత్తం

రుక్కు ఏమీ అడగదు. నా మొహం చూసి, చెంబుతో నీళ్ళిచ్చి లోపలికి పోతుంది. అదే ఎక్కువ మండుతుంది నాకు. పోయిన రెండు కాన్పులూ... వద్దు, రాయను. ఈసారి వేలూరు ఆస్పత్రి పక్కనే కాపురం ఉండాలని దొరసాని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నొప్పులొచ్చాక బండెక్కితే లాభం లేదట.

అమ్మ వేరే పాట. "ఏడో నెల పడితే ఇల్లు మారకూడదు, పున్నమి లోపలే పోవాల, తెలుసు గదా? కడుపుతో ఉండేదాని మొగుడు భూమి తవ్వనూ కూడదు." కూలివాణ్ణి పెడదామంటే — మగ్గం గుంతకు మొదటి పోటు ఇంటివాళ్ళే వెయ్యాలి, పరాయి చెయ్యి పడకూడదు. "మీ నాయన పోయినాక నా చెయ్యీ పనికిరాదు నాయనా."

అంటే గుంత తవ్వి ఉన్న ఇల్లే కావాలి. వేలూరులో. తక్కువ బాడుగకు. గొంతెమ్మ కోరిక.

అష్టమి

కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. పోగులు తెగుతున్నాయి. మగ్గం మీద అరిచాను.

ఏకాదశి, వేలూరు

దొరికింది.

సైదాపేట సందులో చెల్లమ్మవ్వ ఇల్లు. ముసలామె ఒక్కతే, వెనక భాగం ఇస్తుంది. ముందున్న నేతవాళ్ళు ఆంబూరు తోళ్ళ పనికి పోయారు. గుంత అట్లాగే ఉంది. దిగి కూర్చున్నాను. నా కాళ్ళకు కొలిచి తవ్వినట్టుంది. కళ్ళు తడిశాయి, సిగ్గేసింది.

"దీన్ని జూసి ఎవురూ రాకుండా ఉండారు నాయనా" అంది అవ్వ. కావలసింది అదేనంటే బాడుగ పెంచదూ? "అడ్డమేలే అవ్వా, ఎట్లో సర్దుకుంటాం" అన్నాను మొహం ముడుచుకుని. ఇంకొంచెం తగ్గించింది. రైలు కోసం కూర్చుని నాలో నేనే నవ్వుకుంటున్నాను.

త్రయోదశి, వేలూరు

నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జట్కా దిగేసరికి అవ్వ గడపలో, మొహమంతా నవ్వు. "కడుపుతో ఉండే పిల్ల కాలు జారి పడితే ఎట్ల? నువ్వూ అడ్డమంటివి. పూడ్పించేసినా నాయనా, దా జూడు." నున్నగా అలికిన నేల. మధ్యలో ముగ్గు.

చివరికి నిజం చెప్పాను. "అయ్యయ్యో, అడిగుంటే ఉంచేసుందును గదా. తవ్వుకోప్పా, నాకేం" అంది. అమ్మ నన్ను చూసిన చూపు... తిట్టినా బాగుండేది.

రుక్కు సామానులోంచి గడ్డపార లాగింది. "ఆయన తవ్వకూడదు, పరాయోళ్ళు తవ్వకూడదు. నేను తవ్వకూడదని ఎవురూ చెప్పలేదే అత్తా?" నేను కదిలేలోపే ముగ్గు మధ్యన ఒక్క పోటు వేసింది. "అయిపాయె. మిగతాది కూలోణ్ణి తవ్వమను." నవ్వింది కూడా.

ఇంత పిరికివాణ్ణని నాకే తెలియదు.

ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుంది. నడుం లాగుతోందంటుంది. బండి కుదుపే అంటుంది. అమ్మ పక్కనే కూర్చుని కడుపు మీద చెయ్యి తియ్యడం లేదు. ఆస్పత్రి ఈ సందు దాటితే కనబడుతుంది.

ఈ రాత్రికి జట్కావాణ్ణి పోవద్దన్నాను. గుర్రాన్ని విప్పనా అని అడుగుతున్నాడు.