పైన రాసినట్టే

గడుగ్గాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. గోడ మీది పదిహేడు గడియారాలూ కులాసా. పద్దెనిమిదోదే బాగాలేదు. షాపులో ఇన్ని లోలకాల చప్పుడులో ఫోను వినబడి చావదు, అందుకే ఉత్తరం.

నలభై ఏళ్ళ రిపేర్లు రాసుకున్న నా ఇరవై మూడు నోటుబుక్కులూ పట్టుకెళ్ళి, నీ దగ్గరే ఉంచుకుని, కంప్యూటర్లోకి ఎక్కించి, "ఇక ఏం కావాలన్నా ఒక్క మాట కొట్టండి, చిటికెలో వస్తుంది" అన్నావు కదా. బడి హెడ్మిస్ట్రెస్ గారి గోడగడియారం మళ్ళీ వచ్చింది. పాతికేళ్ళ కిందట నేనే బాగుచేశాను. ఎలా చేశానో గుర్తులేదు. విప్పాను, కడిగాను, నూనె వేశాను, దారానికి గుండు కట్టి చూసి వెంట్రుకవాసి తేడా లేకుండా నిటారుగా తగిలించాను. పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది.

"లోలకం" అని కొట్టాను. ఇరవై మూడు నోటుబుక్కులూ మొదటి అక్షరం నుంచి వచ్చి మీద పడ్డాయి. గ్లాసుడు నీళ్ళడిగితే చెరువు తెచ్చి ఇంట్లో పెట్టావు.

ఒకటో తారీఖున బడి తెరుస్తారు. ఇంతవరకు ఒక్క గడియారాన్నీ నా వల్ల కాదని వెనక్కి పంపలేదు. పంపిన రోజు షాపు మూసేస్తానని వీధి చివరిదాకా కోతలు కోసి ఉన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

ఇట్లు,
పెద్దనాన్న

తా.క.: మీ పెద్దమ్మ ఆ గడియారం వైపు చూసి నవ్వుకుంటోంది. ఎందుకని అడిగితే చెప్పదు.

*

పెద్దనాన్నకు నమస్కారాలు.

తప్పు నాదే. మీ నోట్సంతా ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో పెట్టాను. అంటే వంటింట్లో డబ్బాల మీద చీటీలు అంటించినట్టు, ప్రతి ముక్కకూ ముందొక చీటీ, వెనకొక చీటీ. ఇది గడియారం, ఇది జబ్బు, ఇది చికిత్స అని. ఇంతా చేసి, ఆ చీటీలు చూసుకోమని వెతికే యంత్రానికి చెప్పడం మర్చిపోయాను. అది మొత్తం ఒకటే ముద్ద అనుకుంది. ఆఫీసులో నేను జీతం తీసుకునేది సరిగ్గా ఈ పనికే. ఎవరికీ చెప్పకండి.

ఇక్కణ్ణుంచే సరిచేశాను. ఇక మీరడిగిన మాట చీటీ అంటించిన ఏ అతిచిన్న పొట్లంలో ఉంటే ఆ పొట్లం మాత్రమే వస్తుంది.

మీ గడుగ్గాయి

తా.క.: నా ఇంటి తాళంచెవి పోయి మూడు వారాలైంది. పక్కింటివాళ్ళ దగ్గరున్న మారు తాళంచెవితో లాక్కొస్తున్నాను. ఆఫీసువాళ్ళు నాకు "వెతుకులాట నిపుణురాలు" అని కార్డు కూడా అచ్చేయించారు.

*

గడుగ్గాయికి,

ఆశీస్సులు. "లోలకం" అని కొడితే "లోలకం" అని వచ్చింది. రెండు వందల పన్నెండు సార్లు! ఆ మాట నేనే కదే అన్నాను? ఉప్పెక్కడుందని అడిగితే "ఉప్పు" అన్నట్టుంది నీ యంత్రం తెలివి.

సరే, నా దారిలో నేను వెళ్దామనుకున్నాను. ఏ రిపేరైనా, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో దాన్ని బట్టే నాకు గుర్తుంటుంది. రాసుకున్నదీ అలాగే. ఈ గడియారం బాగుపడింది మీ పెద్దమ్మ అలిగిన రోజున. ఆ మాటే కొట్టాను. "ఏమీ దొరకలేదు" అని వచ్చింది.

వెనకాలే మీ పెద్దమ్మ నిలబడి ఉంది. "చూశారా! ఇరవై మూడు పుస్తకాలు గాలించినా నేను అలిగినట్టు ఒక్క ముక్క లేదు. ఇన్నాళ్ళూ నా మీద లేనిపోనివన్నీ చెప్పారు" అని పక్క షాపు దర్జీని పిలిచి మరీ చూపించింది. ఆయన నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. ముప్పై ఏళ్ళ స్నేహం.

పదహారు రోజులే ఉంది.

ఇట్లు,
అబద్ధాలకోరు పెద్దనాన్న

తా.క.: ఆ తెరను కాగితం మీద అచ్చేయించి పటం కట్టించమంటోంది. ఎక్కడ తగిలించాలో కూడా చెప్పింది. నా కుర్చీకి ఎదురుగా.

*

పెద్దనాన్నకు,

నమస్కారాలు, క్షమాపణలు. మొదట చెరువు తెచ్చాను, తర్వాత చుక్క తెచ్చాను. ఇప్పుడు గ్లాసు కొలత దొరికింది. ఏ మాట అడిగినా ఆ గడియారం పొట్లం మొత్తం, దానికి సంబంధించినంత వరకే వస్తుంది.

పెద్దమ్మ అలక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. మీ నోట్సులో గడియారాలతో సంబంధంలేని కబుర్లు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ వేరే చీటీ అంటించి, అటువైపు చూడొద్దని యంత్రానికి చెప్పాను. వెతకడం తేలికవుతుందని నా అతితెలివి. ఆ చీటీ మీద ఏం రాశానంటారా? "ఇతర విశేషాలు" అని రాశాను. ఎంతో మర్యాదగా.

మీ గడుగ్గాయి

తా.క.: పటం కట్టించడం ఒక్క వారం ఆపమని పెద్దమ్మకు చెప్పండి. నేను చెప్పానని చెప్పకండి.

*

గడుగ్గాయికి,

ఎట్టకేలకు దొరికింది. నీ యంత్రం చూపించింది చూపించినట్టు రాస్తున్నాను.

గడియారం: బడి హెడ్మిస్ట్రెస్ గారిది. జబ్బు: పది నిమిషాలకు ఆగుతుంది. చికిత్స: పైన రాసినట్టే.

పైన ఏముందే? పైన చూస్తే షాపు కప్పు, దానికో ఫ్యాను! పైన నేను రాసిందంతా నీ "ఇతర విశేషాల్లో" కట్టిపెట్టేశావు. నాకు కబుర్లు వేరు, పని వేరు కాదమ్మా. రెండూ ఒకే కలంతో, ఒకే వరసలో రాశాను.

ఏడు రోజులే ఉంది. నెలాఖరున గడియారం వెనక్కి పంపేస్తాను. షట్టర్ దించేస్తాను. మాట అంటే మాటే. నిజం చెప్పాలంటే, నీ మీద కోపం కాదు, భయంగా ఉంది. ఈ బల్ల ముందు కూర్చోకపోతే నేను ఏం చేస్తానో నాకే తెలియదు.

పెద్దనాన్న

తా.క.: షాపు మూస్తానంటే మీ పెద్దమ్మ నవ్వడం మానేసింది. ఏదో చెప్పబోయి, పటం వైపు చూసి ఆగిపోయింది. అవును, పటం కట్టించేసింది.

*

పెద్దనాన్నా,

షట్టర్ ముట్టుకోకండి! ఆ మూట విప్పేశాను. చీటీల పేర్లతో సహా అంతా వెతికేలా చేశాను. పెద్దమ్మ అలిగిన రోజు అని మళ్ళీ కొట్టండి.

గడుగ్గాయి

తా.క.: చీటీ పేరు తెర మీద కనబడితే దయచేసి చదవకండి.

*

గడుగ్గాయికి,

ఆశీస్సులు. ఒకటో తారీఖు సాయంత్రం రాస్తున్నాను. షాపు తెరిచే ఉంది.

నీ యంత్రం తెచ్చిన ముక్క ఇది: "ఆవిడ పొద్దుట్నుంచీ అలిగి మాట్లాడటం లేదు. దుమ్ము దులుపుతూ గుడ్డతో గడియారాన్ని ఎడమవైపుకి ఒక వేలెడు వంచి పోయింది. అది నడుస్తోంది! నిటారుగా ఉంటే నడవదట, వంకరగా ఉంటేనే నడుస్తుందట."

బాగుచేసింది నేను కాదు. ఆ మాట చికిత్స కింద రాయడానికి సిగ్గేసి "పైన రాసినట్టే" అని దాటేశాను. తర్వాత నిజంగానే మర్చిపోయి, పాతికేళ్ళు కాలరెగరేసుకు తిరిగాను.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే ఆ రోజు అలిగానని ఒప్పుకున్నట్టేగా! పటం కూడా కట్టించాం" అంది. ఆ తర్వాత మెల్లగా, "నెలాఖరున మీరు షట్టర్ మీద చెయ్యేస్తే చెప్పేసేదాన్నిలెండి" అంది.

వేలెడు వంచాను. నడుస్తోంది. బడిలో కూడా వంకరగానే తగిలించి వచ్చాను. చికిత్స చీటీ కింద మీ పెద్దమ్మ పేరు రాయి. పెద్ద అక్షరాలతో.

ఇట్లు,
ఆవిడ దగ్గర పనిచేస్తున్న పెద్దనాన్న

తా.క.: చీటీ మీద "ఇతర విశేషాలు" అని లేదు. "సోది" అని ఉంది. అదే మాట కొట్టి చూశాను. పదకొండు వందల నలభై వచ్చాయి. ఇద్దరం కూర్చుని అన్నీ చదివాం. వాటిలో ఒకటి నా రాత కాదు, నీదే: "పదిహేడో నోటుబుక్కులో ఇక్కడిదాకా కొట్టాను. పేజీ గుర్తుకి ఇంటి తాళంచెవి పెట్టాను. మర్చిపోకు, మొద్దూ."