పసుపుగా విచ్చిన జెర్బెరా

వదినా,

ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లక రాస్తున్నాను. ఊరెళ్తూ నువ్వు అప్పగించిన ఎర్ర జెర్బెరా పూలమొక్క చచ్చిపోయింది. మొదలు బయటికి కనిపిస్తోందని జాలిపడి, పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు మట్టి ఎగదోశాను. కుళ్ళిపోయింది. దాని మొదలు మట్టిపైనే ఉండాలట!

నర్సరీలో మొగ్గతో ఉన్న మొక్క కొని నీ కుండీలోనే నాటాను. ఎరుపేనన్నాడు నర్సరీ అతను. నువ్వొచ్చేసరికి పసుపుగా విచ్చింది. నువ్వు పువ్వునీ నన్నూ మార్చి మార్చి చూసి, "బాగా పెంచావే" అన్నావు. నేను సిగ్గు లేకుండా తలూపాను.

ఇవాళ అన్నయ్య చేత ఇంకో జెర్బెరా కుండీ పంపావు. మొదలు చుట్టూ మట్టి వేలితో తీసిన గుర్తులున్నాయి. ముట్టుకోవడానికి చేతులు రావడం లేదు. తెలిసే పంపావు కదూ?

నీ ఆడపడుచు