గేటు పక్క పొద పూసింది

బంగారు తల్లీ,

పూసింది! లెక్కపెట్టబోయి నలభై గుత్తులు దాటాక నాకే నవ్వొచ్చి మానేశాను. నువ్వు తెచ్చి గేటు పక్కన నాటిన పొదేనమ్మా. ఆకు ఇంకా సరిగా విప్పుకోనే లేదు, పుల్లపుల్లకీ గులాబీరంగు పూలు! మీ అమ్మ నీళ్ల చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"నడుమెత్తు దాటదు నాన్నా, మన చిన్న వాకిలికి సరిపోతుంది. చలికాలం ఆకు రాలిస్తే కంగారుపడకు" అని చెప్పి మరీ వెళ్లావు. నేను వింటేనా! ఆకు రాలగానే ఆ పుల్లలు నా కంటికి కుట్టు పక్కన వేలాడే దారప్పోగుల్లా కనిపించేవి. నలభయ్యేళ్లు బట్టలు కుట్టిన చెయ్యి ఊరుకుంటుందా? ఏటా కత్తెర తీసి గుండ్రంగా కత్తిరించేవాణ్ణి. మూడేళ్లూ ఆకులే తప్ప ఒక్క పువ్వు లేదు. పైగా పోయినసారి నువ్వొచ్చినప్పుడు "ఈ మొక్కా నీలాగే, మొండిది, ఎందుకూ కొరగాదు" అన్నాను. తింటున్న కంచం వదిలేసి వెళ్లిపోయావు. ఆ మాట మరిచిపోయినట్టు ఇన్నాళ్లూ నటించాను గానీ, మరిచిపోలేదు తల్లీ.

ఈ చలికాలం కంటి ఆపరేషను అయింది కదా, రెండు నెలలు వంగొద్దు, కత్తెర పట్టొద్దు అన్నాడు డాక్టరు. అందుకే పొద జోలికి పోలేదు. నిన్న నర్సరీ ఆవిణ్ణి పిలిచి చూపిస్తే పడీపడీ నవ్వింది. "ఇది పాత కొమ్మల మీదే పూస్తుంది బాబాయిగారూ. మొగ్గలు ముందే కట్టుకుని చలికాలమంతా ఆ పుల్లల్లోనే ఉంటాయి. మీరు ఏటా మొగ్గల్నే కోసి పారేశారు. పూలు రాలాక పట్టండి కత్తెర!"

అరుగు మీద కూర్చుని పాత సంగతులు తిరగేశాను. డ్రైవింగు లైసెన్సు వచ్చిన రోజే కదా నువ్వీ మొక్క తెచ్చింది? బస్సు డ్రైవరు పనికి రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ నేనే అడ్డుపడ్డాను, నలుగురూ ఏమంటారోనని.

మూడోసారి పిలుస్తూ కాగితం మొన్న ఇంటికే వచ్చింది. మీ మామయ్య చదివి, "బావా, అమ్మాయికి చెప్పకు, చించి పడెయ్. ఆడపిల్ల బస్సు తోలితే మనం తలెత్తుకు తిరగొద్దూ?" అన్నాడు. మొన్నయితే నేను కాగితం మడిచి దాచేశాను. ఇవాళ మళ్లీ అదే పాట ఎత్తుకున్నాడు.

"నీ తల నువ్వు మోసుకోవోయ్! నా కూతురు బస్సు తోలుతుంది. నువ్వు ఎక్కితే టిక్కెట్టు కొనుక్కుని ఎక్కు!" అన్నాను. అలిగి, నా చెప్పులు వేసుకుని పోయాడు. మీ అమ్మ తలుపు చాటున ఒకటే నవ్వు. ఇదే మాట చెప్పడానికి ఇంకా పదిమంది వస్తారు. రానీ. గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఈ ఉత్తరం అక్కడే రాస్తున్నాను.

కాగితం ఇందులోనే పెట్టాను. సోమవారం పది గంటలకి రమ్మన్నారు. నన్ను అడగాల్సిన పని లేదు, వెళ్లు. యూనిఫారం గుడ్డ ఇస్తే ఇంకెవరికీ ఇవ్వకు, నేనే కుడతాను. భుజాల దగ్గర వదులు పెడతాను, స్టీరింగు తిప్పేటప్పుడు పట్టెయ్యకుండా.

కొలతలు కొత్తగా తీసి పంపు తల్లీ. నా పుస్తకంలో ఉన్నవి నీ బడి గౌనువి.

కత్తెర పెట్టెలో పెట్టేసిన
మీ నాన్న