మిషన్‌కు తెలియని అదురు

మల్లయ్య కాకా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నువ్వు చదవవని తెలుసు. అయినా ఈరోజు గనిలో జరిగింది నీకు కాక ఎవరికి చెప్పను?

గని కప్పు వదులైతే ముందే చెప్పే మిషన్ ఒకటి తయారుచేస్తున్నారు. ఇంజనీర్లు, కాలేజీవాళ్లు, కార్మికులు కలిసి చేసే పనట. ఆరు నెలలుగా నాతో పెట్టెలు మోయించారు, ఫొటోల్లో నిలబెట్టారు. ఒక్క మాట అడిగింది లేదు.

ఈరోజు మిషన్ పచ్చ లైటు చూపించింది. అంటే కప్పు గట్టిగా ఉన్నట్టు. నువ్వు నేర్పినట్టే నేను ఆ చోటుకు పక్కన నిలబడి, ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించి, కర్రతో కొట్టాను. వేళ్లకు అదురు తగిలింది.

"సార్, గిది వదులున్నది. దీని కింద ఎవ్వలూ నిలవడొద్దు."

పెద్ద ఇంజనీరు నవ్వాడు. "ఏంది తమ్మీ, మిషన్ కంటె నీ చెయ్యి ఎక్కువ చదివిందా?"

"చదువలే సార్. గీ కప్పు కిందనే బతుకుతున్నది."

కాలేజీ అమ్మాయి మాత్రం, "ఎట్ల తెలిసిందన్నా? నాకూ చూపియ్యవా?" అంది. నాకు అందరి మీదా రోత పుట్టింది. బయటిదారి పట్టాను.

నాలుగడుగులు వేశాక ఆగాను. రేపు ఆ మిషన్‌ను నమ్మి దిగేది వీళ్లు కాదు, మనవాళ్లు. నువ్వు నేర్పింది దాచుకుంటే నేనూ వీళ్లలాంటివాడినే.

వెనక్కి వచ్చి, ఆమెను నా పక్కన నిలబెట్టి, అరచెయ్యి ఆనించమన్నాను. కర్రతో కొట్టాను.

"అమ్మో, అదురుతున్నదన్నా!"

ఆమె చెయ్యి తీసేలోపే, అంతదాకా నవ్విన ఇంజనీరు మిషన్‌ను అక్కడే పడేసి బయటికి ఉరికాడు.