మస్తానమ్మ పిన్ని బల్ల

మంగళవారం, నరసరావుపేట

గెలిచాను! మిరపకాయల తొడిమలు తీసే మస్తానమ్మ పిన్నికి నడుం నొప్పి రాని బల్ల ఎంత ఎత్తుండాలో లేని బల్లను ఉన్నట్టు చూపించే వీఆర్ కళ్లద్దాలు ఆమెకు పెట్టి మూడు నెలలుగా వెతుకుతున్నాను. కుర్చీలో కూర్చోబెట్టిన ప్రతిసారీ ఆమె కాళ్లు పైకి లాక్కుని బాసింపట్టు వేసుకునేది. కొలతలన్నీ పాడయ్యేవి.

"కాళ్లు కిందపెట్టమని చెప్పు" అనేవారు మా ప్రొఫెసర్ గారు. నేను చెప్పలేదు. ఇవాళ పిన్ని పనిచేసే మిరప షెడ్డులో కుర్చీ తీసేసి మంచం వేశాను, కళ్లద్దాల్లోని బల్లను దానికి తగ్గట్టు మార్చాను. అరగంటలో పిన్ని ఒక్కసారీ నడుం పట్టుకోలేదు. "చానా హాయిగా ఉందే" అంది.

నిజం బల్ల చేయించడానికి, పక్కనే నిలబడి చూస్తున్న షెడ్డు షావుకారు ఒప్పుకుంటాడా అని నా దిగులు. పిన్ని కళ్లద్దాలు తీసి ఆయన వైపే తిరిగింది.

"ఏంది షావుకారూ, నా బల్ల ఏది?"

ఆయన వడ్రంగికి ఫోన్ కలిపి, నన్ను అడిగాడు: "ఎంత ఎత్తమ్మా?"